జూలై 17: ఫెహరిస్తులో లేని పేరు

ఉర్దూలో 'తారీఖ్' అనే లఫ్జ్‌కు రెండు మానేలు ఉన్నాయి. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. ఈ రోజు తారీఖ్ ఎంత అని అడగొచ్చు, హిందుస్తాన్ తారీఖ్ చదువుతున్నా అనీ చెప్పొచ్చు. రెండింటికీ ఒకే మాట ఉండడం ఊరికే కాదు. ఏ తేదీని యాద్ పెట్టుకుంటామో అదే చరిత్ర అవుతుంది. యాద్ పెట్టుకోనిది గోడ మీది క్యాలెండర్‌లో ఒక అంకెగా మిగిలిపోతుంది.

జూలై 17నే తీసుకోండి. ఈ రోజున ఏం జరిగిందని ఇంగ్లండ్ తారీఖును అడిగితే వరుసగా చెప్పుకుంటూ పోతుంది. 1453లో ఫ్రాన్స్‌లోని కాస్టియోన్ దగ్గర ఇంగ్లీష్ ఫౌజ్ ఓడిపోయింది, నూరేళ్ల యుద్ధం అక్కడితో ఖతం. 1717లో మొదటి జార్జ్ రాజు థేమ్స్ నది మీద పడవలో పోతుంటే, ఇంకో పడవలో కూర్చున్న వాద్యగాళ్లు హాండెల్ కట్టిన కొత్త బాణీలు వాయించారు. 1790లో అర్థశాస్త్రానికి పునాది వేసిన ఆడం స్మిత్ ఎడింబరోలో ఇంతకాల్ అయ్యాడు. 1841లో లండన్‌లో 'పంచ్' అనే వ్యంగ్య పత్రిక మొదటి సంచిక వచ్చింది. 1917లో ఐదో జార్జ్ తన ఖాందాన్‌కున్న జర్మన్ పేరు తీసేసి 'విండ్సర్' అని కొత్త పేరు పెట్టుకున్నాడు. 1945లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో చర్చిల్, ట్రూమన్, స్టాలిన్ కూర్చుని దునియాను పంచుకునే మాటలు మొదలుపెట్టారు.

ఇంకాస్త పెద్ద ఫెహరిస్తు అయితే 1857 కూడా కనిపిస్తుంది. ఆ జూలై 17న జనరల్ హావ్‌లాక్ ఫౌజ్ కాన్పూర్‌ను తిరిగి పట్టుకుంది. బస్, అంతే.

అదే 1857లో, అదే జూలై 17న, మన హైదరాబాద్‌లో ఇంగ్లీష్ వాళ్ల రెసిడెన్సీ మీద జనం దాడి చేశారు. ముందు నిలబడ్డవాళ్లు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. అది కూడా బ్రిటిష్ తారీఖే. దెబ్బ తిన్నది బ్రిటిష్ గోడ, గోలీ కాల్చింది బ్రిటిష్ తోప్. అయినా ఆ ఫెహరిస్తులో ఈ పేర్లకు జగా దొరకలేదు. వాళ్ల సంగతి అలా ఉంచండి. మన ఫెహరిస్తులో దొరికిందా? అసలు సవాల్ అది.

ఈ కిస్సా షహర్‌లో మొదలు కాలేదు. నాలుగేళ్లు వెనక్కి పోవాలి, మన ఆత్మకూరు వైపు కృష్ణ ఒడ్డుకు రావాలి. అప్పట్లో ఆత్మకూరు అమరచింత సంస్థానానికి కేంద్రం. గద్వాల, వనపర్తి లాగే ఇది కూడా నిజాం హుకూమత్‌కు పేష్కష్ కట్టే సంస్థానం. ఊళ్లలో రైతు కట్టిన శిస్తు సంస్థానానికి, అందులోంచి పేష్కష్ హైదరాబాద్ ఖజానాకు పోయేది. ఆ ఖజానాలోంచి పెద్ద వాటా మింగేది 'హైదరాబాద్ కంటింజెంట్' అనే ఫౌజ్. పేరుకు నిజాం ఫౌజ్, జీతాలు నిజాంవి, హుకుం మాత్రం ఇంగ్లీష్ అఫ్సర్లది. యుద్ధం ఉన్నా లేకున్నా ఆ ఖర్చు తప్పదు. జీతాలు బాకీ పడితే కంపెనీ ఇచ్చేది, దాన్ని నిజాం ఖాతాలో ఖర్జాగా రాసుకునేది.

ఆ ఖర్జా పేరు చెప్పి 1853 మే 21న కంపెనీ ఒక ఒడంబడిక మీద నిజాం నాసిరుద్దౌలాతో దస్తఖత్ చేయించుకుంది. దూది పండే బేరార్, ధారాశివ్, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు దోఆబ్ కంపెనీ చేతికి పోయాయి. దోఆబ్ అన్నా మన నడిగడ్డ అన్నా మానే ఒకటే, రెండు నదుల నడుమ నేల. ఇవాళ జూరాల కట్ట మీద నిలబడి గద్వాల వైపు చూస్తే ఆ రెండు నదుల నేల అక్కడే మొదలవుతుంది. ఢిల్లీ, మీరట్ల సంగతి మనకెందుకు అనుకోవడానికి లేదు. కంపెనీ మన నది అవతలి ఒడ్డు దాకా వచ్చి కూర్చుంది.

ఒడంబడిక అయిన కొద్ది రోజులకే దీవాన్ సిరాజుల్ ముల్క్ ఇంతకాల్ అయ్యాడు. ఆయన జగాలో దీవాన్ అయినవాడు మీర్ తురాబ్ అలీ ఖాన్. మనందరికీ తెలిసిన పేరు సాలార్ జంగ్. అప్పటికి ఉమర్ ఇరవై నాలుగేళ్లు.

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. వారం తిరగక ముందే, మే 16న, హైదరాబాద్‌లో నాసిరుద్దౌలా కన్నుమూశాడు. కొడుకు అఫ్జలుద్దౌలా తఖ్త్ ఎక్కాడు. కొత్త నిజాం, జవాన్ దీవాన్, ఢిల్లీ నుంచి రోజుకో ఖబర్. అప్పటికి హైదరాబాద్ సిక్కాల మీద ఇంకా మొఘల్ బాద్‌షా పేరే ఉండేది. అంటే బజార్లో చేతులు మారే ప్రతి రూపాయి మీదా, ఢిల్లీలో సిపాయిలు తమ బాద్‌షాగా నిలబెట్టుకున్న బహదూర్ షా జఫర్ పేరు ఉంది. షహర్ ఎట్లా చుప్‌గా ఉంటుంది?

జూన్‌లో ఔరంగాబాద్‌లో ఉన్న కంటింజెంట్ సవార్లు గడబిడ చేశారు. మా భాయీల మీద, బాద్‌షా మీద కత్తి ఎత్తం అన్నది వాళ్ల మాట. ఇంగ్లీష్ ఫౌజ్ వచ్చి అణచేసింది. దొరికినవాళ్లలో కొందరిని తోపు మూతికి కట్టి పేల్చేశారు. బుల్దానాలో ఉన్న జమాదార్ చీదా ఖాన్ కూడా ఢిల్లీ మీదికి పోనన్నాడు. తనతోపాటు కొద్దిమంది సిపాయిలను వెంటబెట్టుకుని, నిజాం దగ్గర ఇన్‌సాఫ్ దొరుకుతుందన్న ఆశతో హైదరాబాద్ వచ్చాడు. సాలార్ జంగ్ వాళ్లను గిరఫ్తార్ చేయించి రెసిడెన్సీకి అప్పగించాడు.

ఇక్కడే షహర్‌కు కోపం వచ్చింది. పనాహ్ కోసం వచ్చినవాణ్ని దుష్మన్ చేతిలో పెట్టడం దక్కన్ రివాజ్ కాదు. జూలై 17 జుమ్మా రోజు, హిజ్రీ 1273 జీఖద్ నెల ఆఖరి రోజులు. మక్కా మసీదులో నమాజ్ అయ్యాక మాట ఒక్కటే: చీదా ఖాన్‌ను విడిపించాలి. మౌల్వీలు వెళ్లి నిజాంను అడగాలని ఒక రాయ్, రెసిడెన్సీ మీదికే పోదామని ఇంకో రాయ్. రెండోదే గెలిచింది.

సాయంత్రానికి ఐదు వందల దాకా రోహిల్లాలు, వాళ్ల వెంట షహర్ జనం, రెసిడెన్సీ వైపు కదిలారు. రోహిల్లాలంటే పఠాన్ నస్ల్‌కు చెందిన సిపాయిలు. జాగీర్దార్ల దగ్గర, సాహుకార్ల దగ్గర నౌకరీ చేసేవాళ్లు, పని లేనప్పుడు షహర్‌లో తిరిగేవాళ్లు. రెసిడెన్సీ గోడ పక్కన పుత్లీబౌలి దగ్గర రెండు పెద్ద ఇళ్లున్నాయి. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకోటి జైగోపాల్ దాస్‌ది. ఆ ఇళ్ల మేడలెక్కి గోలీలు మొదలుపెట్టారు. తోట వైపు గోడలో దారి చేశారు, దర్వాజా విరగ్గొట్టారు.

కానీ రెసిడెంట్ కర్నల్ డేవిడ్‌సన్‌కు ఖబర్ ముందే అందింది. ఖబర్ పంపింది దీవాన్. మద్రాస్ తోప్‌ఖానా బారూద్ నింపుకుని తయారుగా ఉంది. ఒక వైపు తల్వార్లు, పాత బందూకులు. ఇంకో వైపు తోపులు. రాత్రంతా కాల్పులు సాగాయి. తెల్లవారుజాము అయ్యేసరికి ఇళ్లలో ఉన్నవాళ్లు వెనక నుంచి జారుకున్నారు. చీదా ఖాన్ విడుదల కాలేదు. రెసిడెన్సీ పడిపోలేదు. ఒక్క రాత్రితో దాడి ముగిసింది.

తుర్రేబాజ్ ఖాన్ బేగంబజార్ వాడు. జాగీర్ లేదు, ఖితాబ్ లేదు, వెనక ఫౌజ్ లేదు. దాడి అయ్యాక కొద్ది రోజుల్లోనే పట్టుబడ్డాడు. విచారణలో మౌల్వీ ఎక్కడున్నాడో చెప్పమని అడిగారు, చెప్పలేదు. ఉమ్రంతా కాలాపానీ సజా పడింది. అండమాన్‌కు పంపేలోగా, 1859 జనవరి 18న ఖైద్ నుంచి ఫరార్ అయ్యాడు. తల మీద ఐదు వేల రూపాయల ఇనాం ప్రకటించారు. ఆరు రోజులే బయట ఉన్నాడు. జనవరి 24న తూప్రాన్ దగ్గర అడవిలో అక్కడి తాలూక్‌దార్ ఖుర్బాన్ అలీ బేగ్ మనుషులు అతన్ని కాల్చి చంపారు. మయ్యత్‌ను షహర్‌కు తెచ్చి, అందరూ చూసేలా రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. కఫన్ కూడా లేకుండా. భయం పుట్టించడమే దాని మక్సద్.

మౌల్వీ అల్లావుద్దీన్ దక్షిణానికి పారిపోయి చాన్నాళ్లు దాక్కున్నాడు. చివరికి దొరికాడు. 1859 జూన్‌లో ఆయన్ను అండమాన్‌కు పంపారు. అక్కడే ఖైదీగా ఉండి అక్కడే పోయాడు. సముద్రం అవతల ఉన్న ఆ ఖబర్ మీద హైదరాబాద్ నుంచి వెళ్లి ఫాతెహా చదివినవాళ్లు ఎందరుంటారు?

ఇప్పుడు కాస్త ఆగి ఆలోచించాలి. ఈ కిస్సాను ఆసాన్‌గా చెప్పుకోవడానికి రెండు తోవలున్నాయి. ఒకటి, ఇది ముసల్మాన్ల జిహాద్ అనడం. ఇంకోటి, సాలార్ జంగ్ గద్దార్ అనేసి ఊరుకోవడం. రెండూ పూర్తి నిజం చెప్పవు.

దాడికి తోవ తీసినవాడు ముసల్మానే, ఆ ఖబర్ రెసిడెంట్‌కు పంపినవాడూ ముసల్మానే, తూప్రాన్‌లో ఇనాం కోసం వేటాడినవాడూ ముసల్మానే. గోలీలు పేల్చిన రెండు మేడల్లో ఒకటి సాహెబ్‌ది, ఇంకోటి దాస్‌ది. అదే రోజుల్లో కృష్ణకు ఎగువన సురపురంలో తిరగబడ్డవాడు బేడర్ రాజా వెంకటప్ప నాయక్. 1858 ఫిబ్రవరిలో ఓడిపోయి హైదరాబాద్ షహర్‌లోకి వస్తే, ఆయన్నూ సాలార్ జంగ్ పట్టి ఇంగ్లీష్ వాళ్లకు అప్పగించాడు. సజా మొదట ఫాంసీ, తర్వాత తగ్గించారు. ఖైద్‌కు పోయే తోవలోనే ఆ జవాన్ రాజా పిస్తోల్ గోలీతో చనిపోయాడు. చీదా ఖాన్, తుర్రేబాజ్ ఖాన్, వెంకటప్ప నాయక్: ముగ్గురి మజ్హబ్‌లూ జాతులూ ఒకటి కావు, ముగ్గురినీ తొక్కిన చక్రం ఒక్కటే. దాన్ని మజ్హబ్ లెక్కతో చూస్తే కళ్లముందున్నది కూడా కనిపించదు.

మరి సాలార్ జంగ్? ఆయన వైపు నుంచి కూడా చూడాలి. సికింద్రాబాద్‌లో, బొల్లారంలో ఇంగ్లీష్ ఛావనీలు. రియాసత్‌కు సొంతంగా చెప్పుకోదగ్గ తోప్‌ఖానా లేదు, ఖజానా ఖాళీ. హైదరాబాద్ తిరగబడితే ఢిల్లీకి పట్టిన గతే పడుతుందని ఆయన లెక్క. ఆ సెప్టెంబర్‌లో ఢిల్లీ ఏమైందో చూస్తే ఆ లెక్క తప్పని కొట్టిపారేయలేం. షహర్ కాలిపోలేదు, గల్లీగల్లీకి ఫాంసీ కొయ్యలు లేవలేదు. తర్వాత జిల్లాబందీ, మదరసాలు, రైలు అన్నీ ఆ హయాంలోనే వచ్చాయి. ఇది ఒక పల్లెం.

ఇంకో పల్లెంలో ఇది ఉంది: ఆ రోజుల్లో బొంబాయి గవర్నర్ హైదరాబాద్ రెసిడెంట్‌కు తార్ కొట్టాడు. నిజాం చేజారితే అంతా పోయినట్టేనని అందులోని మాటల సారం. దక్కన్ కదిలితే దక్షిణమంతా కదులుతుందని ఫిరంగీకి అంత బాగా తెలుసు. అంటే ఆ ఒక్క ఘడియలో కంపెనీ రాజ్యం తక్దీర్ హైదరాబాద్ చేతిలో ఉంది. ఆ సంగతి బేగంబజార్ వాడు అర్థం చేసుకున్నాడు. దివాన్‌ఖానాలో కూర్చున్నవాడికీ అర్థమైంది, కానీ ఆయన ఇంకో వైపు మొగ్గాడు. షహర్ ఆయన్ను సులువుగా మాఫ్ చేయలేదు. 1859 మార్చిలో దర్బార్ నుంచి బయటికి వస్తున్న డేవిడ్‌సన్, సాలార్ జంగ్‌ల మీద ఒకడు దాడికి తెగించి అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

వఫాదారీకి దొరికిన కీమత్ ఎంతో చూడండి. 1860 ఒడంబడికలో యాభై లక్షల ఖర్జా మాఫ్ చేశారు. రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చారు. సురపురం రాజ్యాన్ని కూడా నిజాంకు కలిపారు. మన నది అవతలి ఒడ్డు అట్లా వాపస్ వచ్చింది. అందులో తుర్రేబాజ్ మయ్యత్ ఖరీదు కూడా ఉందని ఒడంబడికలో రాయరు. 1861లో అఫ్జలుద్దౌలాకు 'స్టార్ ఆఫ్ ఇండియా' తమ్గా ఇచ్చారు. సిక్కాల మీది నుంచి జఫర్ పేరు పోయింది.

అసలైన దౌలత్, అంటే బేరార్‌ను మాత్రం వదల్లేదు. దాన్ని తిరిగి అడగడానికి సాలార్ జంగ్ 1876లో ఇంగ్లండ్ దాకా వెళ్లాడు. దావతులు ఇచ్చారు, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పట్టా ఇచ్చారు, బేరార్ ఇవ్వలేదు. 1902లో కర్జన్ జమానాలో ఏడాదికి పాతిక లక్షలకు దాన్ని శాశ్వత కౌలు కింద రాయించుకున్నారు. ప్రాణాలు కాపాడిన దోస్త్‌కు దక్కింది ఇది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఫెహరిస్తును ఇంకోసారి చూడండి. ఇంగ్లండ్ వాళ్లు రాసుకున్న జూలై 17లో రెండు సంగతులు మన కిస్సాకే వచ్చి తగులుతాయి.

ఒకటి, 1841 జూలై 17న పుట్టిన 'పంచ్' పత్రిక. 1857 ఆగస్టు 22న ఆ పత్రిక ఒక పెద్ద బొమ్మ వేసింది. బ్రిటిష్ సింహం బెంగాల్ పులి మీదికి దూకుతుంటుంది, పులి కింద ఒక ఆడమనిషి, బిడ్డ. బదలా తీర్చుకోండి అని ఇంగ్లండ్ జనానికి ఆ బొమ్మ చెప్పింది. కాన్పూర్‌లో ఆడవాళ్లను, పిల్లలను చంపడం జుల్మే, దానికి మాఫీ లేదు. కానీ తోపు మూతికి కట్టిన సిపాయిల కోసం, కఫన్ లేకుండా వేలాడిన మయ్యత్ కోసం బొమ్మ వేసే పత్రిక మనకు లేదు. బొమ్మ ఉన్నవాడి దుఃఖం తారీఖ్ అయింది. లేనివాడిది బజారు ముచ్చటగా మిగిలింది.

రెండోది, 1917 జూలై 17న విండ్సర్ పేరు పెట్టుకున్న ఐదో జార్జ్. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, జర్మనీతో లడాయి, రాజు ఇంటిపేరేమో జర్మన్. జనం గొణుగుతుంటే పేరు మార్చేశాడు. ఆ మరుసటి ఏడాదే, 1918లో, యుద్ధంలో చేసిన మదద్‌కు బదులుగా అదే రాజు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ హుకూమత్ నమ్మకమైన దోస్త్ అనే ఖితాబ్ ఇచ్చాడు. మన ఉర్దూలో 'యార్-ఎ-వఫాదార్'. ఆ వఫాదారీకి పునాది పడింది 1857లో, ఆ రెసిడెన్సీ గోడ దగ్గరే. జూలై 17న ఒక రాజు తన పేరు తానే మార్చుకున్నాడు, తారీఖ్ దాన్ని సోనా అక్షరాలతో రాసుకుంది. అదే జూలై 17న నిలబడ్డ ఒక మామూలు మనిషి పేరును జనం నోళ్లు మార్చేశాయి.

ఎట్లా మార్చాయో మీకు తెలుసు. మన దగ్గర ఎవడైనా ఎగిరెగిరి పడితే, "నువ్వేమన్నా పెద్ద తురుంఖానువా?" అంటాం. ఉర్దూలో తుర్రా అంటే పగ్డీ మీద నిలబెట్టే కుచ్చు. తురుంఖాన్ అంటే తుర్రేబాజ్ ఖానేనని చాలామంది చెబుతారు. మొదట్లో అది తారీఫ్ అయి ఉండాలి. తోపులకు ఎదురెళ్లినవాడి పేరు పెట్టి నువ్వు వాడంతటివాడివా అని అడగడం చిన్న మాట కాదు. పోనుపోను మనిషి మరుగున పడి మజాక్ మిగిలింది. ఆ మాట ఆత్మకూరు సంతలో వినిపిస్తుంది, వనపర్తి బస్టాండ్‌లో వినిపిస్తుంది, సినిమాల్లో వినిపిస్తుంది. హిందువులు అంటారు, ముసల్మాన్లు అంటారు. మతం అడగకుండా అందరి నోటా బతికిన పేరు అది. పేరు ఎవరిదో మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

రెసిడెన్సీ భవనం ఇవాళ కూడా కోఠీలో ఉంది. నిజాం పైసలతో ఇంగ్లీష్ వాడు కట్టుకున్న ఆ మహల్ 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. నిజాం రియాసత్‌లోనే భూమి కోసం దొరకు ఎదురు నిలబడ్డ ఒక చాకలి ఆడమనిషి పేరు రెసిడెంట్ మహల్ మీద ఉండడం, తారీఖ్ అప్పుడప్పుడు చేసే ఇన్‌సాఫ్. దగ్గర్లోనే తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు ఉంది, 1857 యాద్‌లో నిలబెట్టిన స్మారకం ఉంది. బస్సు కోసం ఉరికే జనంలో తల తిప్పి చూసేవాళ్లు ఎంతమందో మీరే చెప్పండి.

ఇంగ్లండ్ ఫెహరిస్తులో మన పేరు రాయమని దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. వాళ్ల తారీఖ్ వాళ్లు రాసుకుంటారు. మన బడుల్లో, మన ఇళ్ల గోడల మీది క్యాలెండర్లలో, జూలై 17 గడిలో ఒక్క మాట రాసుకుంటే చాలు: తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్, రెసిడెన్సీ, 1857. ఈసారి ఎవరైనా మీ ముందు తురుంఖాన్ అని ఎవరినైనా ఎగతాళి చేస్తే, ఆ పేరు ఎవరిదో తెలుసా అని మెల్లగా అడగండి. తెలియదంటే తూప్రాన్ అడవి కిస్సా చెప్పండి.